పాలీహౌస్ చామంతికి కటింగ్స్ సొంతంగా పెట్టుకోవచ్చా? కోసిన మొక్కల పిలకలు పనికొస్తాయా?

చేవెళ్ల పాలీహౌస్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాకు చేవెళ్ల దగ్గర అరెకరం పాలీహౌస్ ఉంది. మూడేళ్లు జెర్బెరా తీశాం. పూవు చిన్నదైపోయి మొక్కల పని అయిపోయింది, పీకేశాం. ఇప్పుడు బొకేలకు, స్టేజీ డెకరేషన్లకు పోయే స్ప్రే చామంతి, అంటే ఒకే కాడకు చాలా పూలు వచ్చేది, వేద్దామని ఆలోచన. పోయిన చలికాలం నాలుగు బెడ్లలో వేసి చూశాం. వేళ్లొచ్చిన కటింగ్స్ బయటి నుంచి కొన్నాం. తెచ్చినప్పుడు పచ్చగా బాగానే కనిపించాయి. నాటాక మాత్రం ఒకే బెడ్డులో కొన్ని నడుమెత్తు పెరిగాయి, కొన్ని మోకాలెత్తులోనే మొగ్గ వేసేశాయి. కాడ పొడవు లేకపోతే గుడిమల్కాపూర్‌లో పూల మార్కెట్‌కు వచ్చే బొకేల వాళ్లు కట్ట ముట్టుకోరు. పొట్టివన్నీ తలలు తుంచి విడి పూల కింద అమ్మేశాం.

ఒక బెడ్డు మొక్కలను కోత తర్వాత పీకకుండా ఉంచాం. వాటి మొదళ్ల చుట్టూ ఇప్పుడు పిలకలు దట్టంగా ఉన్నాయి. మా నాయన పొలంలో చామంతి చాలా ఏళ్లు వేశాడు. "పిలక తీసి పెట్టుకుంటే అయిపోయేదానికి మళ్లీ మొక్క ఎందుకు కొనాలి" అంటున్నాడు. ఆయన మాటా సబబుగానే అనిపిస్తోంది. మాఘమాసం పెళ్లిళ్లకు పూలు అందించాలని మా ప్లాన్. ఇప్పుడు శ్రావణం నడుస్తోంది, టైమ్ ఉంది.

పిలకలతో పని జరుగుతుందా, లేక కొమ్మ కటింగ్సే పెట్టాలా? పెడితే ఎలా? రాత్రిళ్లు లైట్లు పెట్టాలని కొందరు అంటున్నారు, అది నిజంగా అవసరమా? ఇంకో మాట, ఇవి విదేశీ రకాలు కదా, మనం సొంతంగా మొక్క చేసుకుంటే చట్టం ఒప్పుకుంటుందా?


శంకర్‌పల్లి రైతు

మీ నాయన చెప్పింది నిజమే తమ్ముడూ. మేమూ పిలకలతోనే చేస్తాం. పూత అయిపోయాక మొక్కను జానెడు ఎత్తుకు కోసేసి, పశువుల ఎరువు వేసి నీళ్లు కడితే మొదట్లో పిలకలు వస్తాయి. వానాకాలం మొదట్లో వేళ్లతో సహా విడదీసి నాటుతాం. దసరాకు, కార్తీకానికి పూలు. మొక్కకు ఖర్చు పైసా లేదు. తెల్ల చామంతి, పసుపు చామంతి అన్నీ అలాగే వస్తున్నాయి. పాలీహౌస్ రకాల గురించి మాత్రం నాకు అనుభవం లేదు, తెలిసినవాళ్లు చెప్పాలి.


పలమనేరు పూలతోట

తమ్ముడూ, శంకర్‌పల్లి అన్న చెప్పింది విడి పూలకు సరిగ్గా సరిపోతుంది. మా చిత్తూరు పక్క పొలాల్లోనూ అదే పద్ధతి. విడి పూల తోటలో ఒక మొక్క ఇవాళ పూసి, పక్క మొక్క పది రోజులు ఆగి పూసినా నష్టం లేదు, ఏరుకుంటూ పోతాం. మీకు డబ్బులొచ్చేది కాడకు. బెడ్డు మొత్తం ఒకే ఎత్తుకు రావాలి, ఒకే వారంలో కోతకు రావాలి. ఆ సమానత్వం నాటిన తర్వాత ఎరువులతో వచ్చేది కాదు, కటింగ్ తీసిన రోజే నిర్ణయమైపోతుంది. అందుకే నేను కట్ ఫ్లవర్‌కు, అంటే కాడతో అమ్మే పూవుకు, కోసిన మొక్కల పిలకలు వద్దంటాను. సొంతంగా మొక్క చేసుకోండి, తప్పకుండా చేసుకోండి. కానీ దానికోసం విడిగా తల్లి మొక్కలు, అంటే కటింగ్స్ తీయడానికే ఉంచేవి, పెంచండి. పూలు కోసిన మొక్కను తల్లి మొక్కగా మార్చే ఆలోచన మానుకోండి.

ఎందుకంటే చామంతి రాత్రి పొడవును బట్టి మొగ్గ వేస్తుంది. రాత్రి సుమారు పదిన్నర గంటలు దాటితే చాలా రకాలు ఆకులు వేయడం మానేసి మొగ్గకు తిరుగుతాయి. మీ హైదరాబాద్ పక్క జూన్ 21న, అంటే ఏడాదిలో అతి పెద్ద పగటి రోజున కూడా, సూర్యుడు ఉండేది సుమారు 13 గంటల పది నిమిషాలే. మా పలమనేరులో 13 గంటలు కూడా నిండదు. అంటే మన దగ్గర ఏడాది పొడవునా చామంతికి మొగ్గ వేసే కాలమే. హాలండ్‌లో వేసవి రాత్రులు మరీ చిన్నవి కాబట్టి వాళ్లు నల్ల గుడ్డ కప్పి మొగ్గ తెప్పిస్తారు. మనం లైటు వేసి మొగ్గ ఆపాలి. లైటు లేకుండా వదిలిన మొక్క మీద మీరు తీసే ప్రతి కటింగ్‌లోనూ, కంటికి కనిపించకపోయినా, చిగురు కొనలో మొగ్గ మొదలై ఉండొచ్చు. అలాంటి కటింగ్ వేళ్లు వేస్తుంది, నాటితే బతుకుతుంది, పచ్చగా ఉంటుంది, మోకాలెత్తుకు రాగానే మొగ్గ చూపిస్తుంది. మీ బెడ్లలో జరిగింది ఇదేనని నా నమ్మకం. కొన్ని కటింగ్స్ లేత తల్లి మొక్కల నుంచి, కొన్ని ముదిరిన మొక్కల నుంచి కలిసి వచ్చి ఉంటాయి.

దీన్ని ముందే పట్టుకునే గుర్తు ఒకటుంది. చామంతి ఆకుకు అంచుల్లో లోతైన గంట్లు ఉంటాయి కదా. మొగ్గ మొదలైతే చిగురు దగ్గరి ఆకులు గంట్లు పోయి, సన్నగా పట్టీలాగా వస్తాయి. కటింగ్ కొనేటప్పుడైనా, సొంతంగా తీసేటప్పుడైనా చిగురు విప్పి ఆ పట్టీ ఆకు ఉందేమో చూడండి. ఉంటే ఆ కటింగ్ పక్కన పడేయండి.

రెండో కారణం రోగాలు. పిలక మట్టిని అంటుకుని పుడుతుంది. ఆ మట్టిలో ఎండు తెగులు ఫ్యుజేరియం ఉంటుంది, నులిపురుగులు ఉంటాయి, తామర పురుగుల ప్యూపాలు ఉంటాయి. ఆకుల కింద తెల్ల తుప్పు తెగులు ఉంటుంది. తెల్ల తుప్పు పైనుంచి లేత పసుపు చుక్కలాగే కనిపిస్తుంది. ఆకు తిప్పితే కింద తెల్లగా, లేత గులాబీ రంగులో పొక్కులుంటాయి. అది సోకినా మొదటి వారం, పది రోజులు ఏమీ కనిపించదు. ఆలోపే మనం కటింగ్ తీసి ట్రేలో పెట్టేస్తాం, కొత్త పంట మొత్తానికి పాకిపోతుంది. ఇంతకంటే భయపడాల్సింది స్టంట్ వైరాయిడ్. అది వైరస్ కంటే చిన్నది. సోకిన మొక్క గిడసబారి పొట్టిగా ఉండిపోతుంది, పూవు చిన్నదవుతుంది, మిగతావాటి కంటే ముందే పూస్తుంది. దానికి మందు లేదు. రసం ద్వారా కత్తికి, చేతికి అంటుకుని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు పోతుంది. పూలు కోసిన బెడ్డులో కత్తెర ఎన్ని మొక్కల మీద నడిచిందో ఆలోచించండి. ఆ బెడ్డునే మళ్లీ తల్లి చేస్తే రోగాన్ని మనమే పెంచి పంచినట్టు.

మా నాన్నగారి కాలం నుంచీ మేం మొక్క పెంచేవాళ్లమే. నాకు ఈ విషయంలో పట్టుదల కొంచెం ఎక్కువ, ఏమీ అనుకోవద్దు. మనవాళ్లు పాలీహౌస్ ప్లాస్టిక్‌కు, డ్రిప్పుకు, ఎరువుకు లక్షలు పెడతారు, మొక్క దగ్గర మాత్రం వెనకాడతారు. పంటలో అన్నిటికంటే ముందుండేది మొక్కే కదా.

ఇక పద్ధతి. మొదట నమ్మకమైన చోట రకం పేరుతో, బిల్లుతో తాజా కటింగ్స్ కొనండి. పంటకు సరిపడా వద్దు, తల్లి మొక్కలకు సరిపడా చాలు. అవి నాటిన పది, పన్నెండు రోజులకు నిలదొక్కుకుంటాయి. అప్పుడు తల తుంచండి, మెత్తటి కొన వరకే. కింద మూడు నాలుగు కొమ్మలు వస్తాయి. ఆ కొమ్మలు వేలెడు పొడవు దాటాక, మొక్క మీద రెండు మూడు ఆకులు వదిలి, పైది ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లు తీయాలి. వదిలిన ఆకుల దగ్గర నుంచే తర్వాతి విడత కొమ్మలు వస్తాయి. ఆకులు వదలకుండా మొత్తం లాగేస్తే తల్లి మొక్క కట్టె అయిపోతుంది.

కత్తి వాడకండి. బొటనవేలితో పక్కకు వంచితే టప్పున విరగాలి. అలా విరిగిందే సరైన లేతదనం. విరగకుండా వంగి, నార సాగితే అది ముదిరిపోయింది, వేళ్లు ఆలస్యమవుతాయి. మొక్క మీద అంతకంటే మెత్తగా, నీళ్ల బరువుతో వాలిపోయే కొమ్మ ఉంటే అది ట్రేలో కుళ్లుతుంది. పొద్దున్నే తీయండి, తీసినవి తడి గోనెలో నీడన పెట్టండి.

తల్లి మొక్కలను నాలుగు నెలలకు మించి ఉంచొద్దు. బాగానే ఉన్నాయి కదా, ఇంకో రెండు విడతలు తీద్దామని ఆశ పుడుతుంది. ఆ ఆశ దగ్గరే కాడలు పొట్టివవుతాయి. మొక్క ముదిరేకొద్దీ లైటు వేసినా మొగ్గ ఆగదు. పాత తల్లి మొక్కలు తీసేసేలోపు కొత్త వరస పెట్టుకోండి. ఆ కొత్త వరసకు కూడా అన్నిటికంటే బాగున్న మొక్కల నుంచే తీయండి. రెండు మూడు తరాలు అయ్యాక మళ్లీ బయటి నుంచి శుభ్రమైన మొక్క తెచ్చుకోవడం మంచిది. విదేశీ కంపెనీలు కూడా ఇదే చేస్తాయి. హాలండ్ కంపెనీలు కటింగ్స్ పెంచేది ఎక్కువగా యుగాండా, టాంజానియా లాంటి దేశాల్లో. తల్లి మొక్కల ఇళ్లు విడిగా ఉంటాయి, లోపలికి పోవాలంటే చేతులు, చెప్పులు మందు నీళ్లలో ముంచాల్సిందే.


చేవెళ్ల పాలీహౌస్

అక్కా, చాలా థాంక్స్. మీరు చెప్పిన పట్టీ ఆకు కోసం ఇప్పుడే పోయి చూశాను. పిలకల్లో చాలావాటికి చిగురు దగ్గర అలాగే ఉంది. నాయనకు కూడా చూపించాను.

కొన్ని సందేహాలు. నాకు నెలకు ఒక విడత చొప్పున ఐదు వేల మొక్కలు నాటుకుంటూ పోవాలని ఉంది. దానికి తల్లి మొక్కలు ఎన్ని కావాలి? సగం పాలీహౌస్ వాటికే పోతుందేమోనని భయం. లైట్లు ఎన్ని గంటలు, ఎలాంటివి? రాత్రి కరెంటు పోతే పరిస్థితి ఏమిటి? ఇంకా మాఘమాసానికి లెక్క ఎలా కట్టాలి?

గులాబీకి, జెర్బెరాకు కూడా ఇలాగే సొంతంగా చేసుకోవచ్చా అని మా పక్క రైతు అడగమన్నాడు.


కడియం నర్సరీ

లెక్క అక్కగారు చెప్తారు. నేను వేళ్లు తెప్పించే సంగతి చెప్తాను, మాది రోజూ అదే పని.

కోకోపీట్ ఇటుక తెచ్చి నానబెట్టి నేరుగా ట్రేల్లో నింపకండి. అందులో ఉప్పు ఉంటుంది. మంచినీళ్లతో రెండు మూడు సార్లు కడగాలి. కుదిరితే కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి మళ్లీ కడిగితే ఇంకా శుభ్రం. నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే ఈసీ మీటరు ఉంటే కడిగిన నీళ్లు చూసుకోండి, ఒకటి కంటే బాగా తక్కువ ఉండాలి. మీ వైపు బోరు నీళ్లలోనే ఉప్పు ఉంటే కోకోపీట్‌ను తప్పుపట్టి లాభం లేదు, వాన నీళ్లు పట్టుకోండి. 98 గుంతల ప్రోట్రే చామంతికి సరిపోతుంది. పాత ట్రేలైతే బ్లీచింగ్ నీళ్లలో ముంచి ఆరబెట్టాకే వాడండి.

చామంతి వేళ్లు సులువుగానే వేస్తుంది. హార్మోన్ లేకపోయినా వస్తాయి, కానీ అన్నీ ఒకే రోజు రావు. అందరం ఐబీఏ అనే వేళ్ల హార్మోన్ వాడేది అందుకే. వెయ్యి పీపీఎం అంటే లీటరుకు ఒక గ్రాము. ఐబీఏ నేరుగా నీళ్లలో కరగదు. ముందు కొంచెం స్పిరిట్‌లో కరిగించి తర్వాత నీళ్లు పోయాలి. కటింగ్ అడుగు ఒక సెంటీమీటరు మాత్రం ఐదు సెకన్లు ముంచి గుచ్చేయడమే. ఎక్కువ మోతాదు పెడితే ఎక్కువ వేళ్లు వస్తాయనుకోకండి, అడుగు నల్లబడి కుళ్లుతుంది. ఇదంతా తలనొప్పి అనుకుంటే టాల్క్‌లో కలిపిన పొడి దొరుకుతుంది, అది అద్దినా చాలు. పొడి డబ్బాలో కటింగ్స్ నేరుగా ముంచొద్దు. కొంచెం గిన్నెలో పోసుకుని వాడి, మిగిలింది పారేయండి.

ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల లోతు గుచ్చితే చాలు. కింది ఆకు కోకోపీట్‌కు తగలకూడదు, కుళ్లు అక్కడే మొదలవుతుంది. మొదటి నాలుగైదు రోజులే ప్రాణం మీదకొచ్చే రోజులు. వేళ్లు లేవు, ఆకుల నుంచి నీళ్లు పోతూనే ఉంటాయి. మంచులా నీళ్లు చల్లే ఫాగర్లు ఉంటే ఎండ ఎక్కినకొద్దీ కాసేపు కాసేపు వేస్తూ ఆకు మీద సన్నటి తడి నిలపండి. లేకపోతే వంచిన కమ్మీల మీద ప్లాస్టిక్ కప్పి చిన్న సొరంగంలా చేసి పైన షేడ్‌నెట్ వేయండి. కోకోపీట్ ముద్దగా అయ్యేలా నీళ్లు పోయొద్దు. పిడికిట్లో పిండితే చుక్క పడీ పడనట్టుండాలి. వారానికి అడుగున గడ్డలాగా కడుతుంది, పది పన్నెండు రోజులకు తెల్లటి వేళ్లు వస్తాయి. మెల్లగా లాగితే రానంటే వేళ్లు పట్టినట్టే. అప్పటి నుంచి తడి తగ్గించి గాలి తగలనిచ్చి గట్టిపరచాలి. మూడో వారం లోపు నాటేయండి. ట్రేలో ఎక్కువ రోజులు ఉండిపోతే వేళ్లు గుండ్రంగా చుట్టుకుంటాయి, కాండం గట్టిపడిపోతుంది, ఆ మొక్క తర్వాత లేచి పెరగదు.

అక్కగారు చేత్తో విరవమన్నారు. మేం పదునైన బ్లేడుతో కోస్తాం, కోత నున్నగా ఉంటుంది. పది మొక్కలకోసారి మందు నీళ్లలో ముంచుతాం.

గులాబీ వేరే కథ. పాలీహౌస్ గులాబీని మన దగ్గర ఎక్కువగా నాటల్ బ్రయర్ వేరుమొక్క మీద కన్ను అంటు కట్టి చేస్తారు. సొంత వేళ్ల మీద ఐదారేళ్లు అంత బలంగా నిలవదు. అంటు కట్టే చెయ్యి తిరిగిన మనిషి కావాలి. జెర్బెరాకు ల్యాబులో పెంచిన టిష్యూ కల్చర్ మొక్కే కొనాలి. గడ్డ విడదీస్తే వస్తుంది గానీ మట్టి రోగాలూ వెంట వస్తాయి. కార్నేషన్ మాత్రం చామంతి లాగే తల్లి మొక్కలు, కొన కటింగ్స్.


పలమనేరు పూలతోట

కడియం అన్న చెప్పినవన్నీ రాసిపెట్టుకోండి. కోకోపీట్ కడగడం దగ్గరే సగం మంది ఓడిపోతారు. బ్లేడు విషయంలో మాత్రం నా మాట మార్చుకోను. పది మొక్కలకోసారి ముంచితే మధ్యలో తొమ్మిది మొక్కలకు రసం అంటుకున్నట్టే కదా అన్నా. నర్సరీలో అన్ని రకాల మొక్కలకు బ్లేడు తప్పదు, ఒప్పుకుంటాను. చామంతికి మాత్రం ఆ అవసరం లేదు, వేలితో విరిగిపోతుంది. వేలు కూడా మొక్కలో లోపలికి దిగకూడదు, వంచి విరవాలి, గోటితో గిల్లకూడదు. బ్లేడే వాడేవాళ్లు మొక్క మొక్కకూ మార్చండి. పది బ్లేడ్లు మందు నీళ్లలో ఉంచి వంతులవారీగా తీసుకుంటే పని ఆగదు.

తమ్ముడూ, ఇప్పుడు లెక్క. తల్లి మొక్క దారిలో పడ్డాక నెలకు సగటున నాలుగు మంచి కటింగ్స్ ఇస్తుందనుకోండి. ఇంకా ఎక్కువే వస్తాయి, కానీ ఏరి తీసినవే లెక్క. మీకు ఐదు వేల మొక్కలు నాటడానికి కావాలి. ట్రేలో పోయేవి, పొట్టివి, అనుమానం ఉన్నవి పక్కన పెట్టడానికి వందలో ఇరవై పోతాయనుకుంటే 6,250 కటింగ్స్ తీయాలి. దాన్ని నాలుగుతో భాగిస్తే దాదాపు 1,560. మీరు 1,600 పెట్టుకోండి. 15 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున అటూ ఇటూ నాటితే చదరపు మీటరుకు 44 పడతాయి. అంటే 36 చదరపు మీటర్లు. మీటరు వెడల్పు బెడ్డు 36 మీటర్ల పొడవు, అంతే. అరెకరంలో ఇది ఒక మూల. సగం పాలీహౌస్ ఎక్కడికీ పోదు. ఆ మూలను మాత్రం సన్న మెష్ గుడ్డతో విడిగా మూసేయండి. పంట బెడ్లలో పనిచేసి వచ్చినవాళ్లు అందులోకి వెళ్లకూడదు. పొద్దున్నే ముందు తల్లి మొక్కల పని, ఆ తర్వాతే పంట పని. వరస తిరగబడితే తామర పురుగులు మన బట్టల మీదే ఎక్కి లోపలికి వస్తాయి.

లైట్లు రాత్రి పది నుంచి రెండు వరకు. సాయంత్రం సూర్యుడు పోగానే వేసి తొమ్మిదింటికి ఆపేస్తే కరెంటు తక్కువవుతుంది కదా అని చాలామంది అడుగుతారు. అలా చేస్తే పగలు కొంచెం పొడుగవుతుంది గానీ, ఆ తర్వాత మిగిలే చీకటి చలికాలంలో మొగ్గ వేసే హద్దుకు దగ్గరగానే ఉంటుంది. నడి రాత్రి వెలుగు వేస్తే ఒక పెద్ద రాత్రి రెండు చిన్న రాత్రులుగా తెగిపోతుంది, మొక్క మొగ్గకు తిరగదు. బెడ్డు మీద రెండు మీటర్లకొకటి, మొక్కల తలలకు మీటరున్నర ఎత్తులో, 9 వాట్ల ఎల్ఈడీ పసుపు వెలుగువి పెట్టండి. ఎర్ర వెలుగు పాలు ఎక్కువున్నది మంచిది, అందుకే తెల్లటి ట్యూబు వెలుగు కంటే పసుపుది మేలు. 36 మీటర్లకు 18 బల్బులు. అన్నీ కలిపి 162 వాట్లు. నాలుగు గంటలకు రాత్రికి ముప్పావు యూనిట్ కూడా కాలదు. ఫోన్‌లో లక్స్, అంటే వెలుగు ఎంతుందో, చూసే యాప్ ఉంటుంది, మొక్క తల దగ్గర పెట్టి చూడండి. రెండు బల్బుల మధ్య, మూలల్లో కూడా 70 నుంచి 100 రావాలి. మూలల్లో చీకటి ఉంటే ఆ మూల మొక్కలే ముందు మొగ్గ వేస్తాయి.

ఇంత తక్కువ కరెంటు కాబట్టి ఇంటి ఇన్వర్టరే లాగుతుంది. టైమర్ మాత్రం బ్యాటరీ ఉన్నది కొనండి. మామూలు టైమర్ కరెంటు పోయినప్పుడల్లా ఆగిపోయి, నడి రాత్రి వెలగాల్సినది తెల్లవారి వెలుగుతుంది, మనం నిద్రలో ఉంటాం. ఒక్క రాత్రి తప్పితే పెద్ద ప్రమాదం లేదు. వరసగా మూడు నాలుగు రాత్రులు తప్పితే ఆ వారం తీసే కటింగ్స్ మీద నమ్మకం పెట్టుకోకండి. తుంచి పారేసి, తర్వాత వచ్చే కొమ్మల కోసం ఆగండి.

మాఘమాసానికి లెక్క వెనక నుంచి రండి. ఫిబ్రవరి మొదటి వారంలో కోత అనుకుందాం. మీరు వేసేది ఎనిమిది వారాల రకం అయితే, అంటే లైటు ఆపాక ఎనిమిది వారాలకు పూసేది, డిసెంబరు మొదటి వారం చివర్లో పంట బెడ్ల మీద లైట్లు ఆపాలి. అప్పటికి మొక్క ముప్పై సెంటీమీటర్లు ఉండాలి. దానికి నాటాక నాలుగు వారాల లైటు కావాలి, కాబట్టి నవంబరు మొదటి వారంలో నాటు. వేళ్లకు మూడు వారాలు, అంటే అక్టోబరు నడుమ ట్రేలో గుచ్చాలి. ఆ రోజుకు తల్లి మొక్కలు కటింగ్స్ ఇచ్చే స్థితిలో ఉండాలంటే సెప్టెంబరు మొదటి వారంలో నాటి ఉండాలి. మీకు ఇప్పుడు ఉన్న టైమ్ సరిగ్గా సరిపోతుంది, ఆర్డర్ ఈ వారమే పెట్టండి. రకం ఎన్ని వారాలదో అమ్మేవాళ్లను అడిగి బిల్లు మీద రాయించుకోండి. తొమ్మిది వారాలదైతే అన్నీ ఒక వారం ముందే మొదలుపెట్టాలి. డిసెంబరు, జనవరి రాత్రులు ఎలాగూ పెద్దవి, మీకు నల్ల గుడ్డ అక్కర్లేదు. కానీ పక్కింటి వాకిట్లో ఫ్లడ్ లైటు పాలీహౌస్ మీద పడుతుందేమో చూసుకోండి, ఆ వైపు బెడ్డు పూయడం ఆలస్యమవుతుంది.

వేసవి సంగతి కూడా ఇప్పుడే చెప్తాను. మా ఊరు చల్లటిది, నెట్టుకొస్తాం. మీ దగ్గర ఏప్రిల్, మే ఎండలకు చామంతి మొగ్గ మొదలవడమే వెనకబడుతుంది, పూవు రంగు వెలిసిపోతుంది. ఆ రెండు నెలల్లో కోత వచ్చేలా విడతలు పెట్టకండి.


వెంకటరామన్నగూడెం హార్టికల్చర్ విద్యార్థి

చట్టం గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. మన దేశంలో మొక్కల రకాల రక్షణ, రైతుల హక్కుల చట్టం 2001 ఉంది. రక్షిత రకం అయినా రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, మళ్లీ వేసుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అని 39వ సెక్షన్ చెప్తుంది. బ్రాండు పేరు పెట్టి విత్తనంగా అమ్మడం మాత్రం కుదరదు. ఆ చట్టంలో విత్తనం అంటే గింజ ఒక్కటే కాదు, మొక్కగా పెరిగే భాగం ఏదైనా వస్తుంది, కాబట్టి కటింగ్ కూడా అందులోదే. అయితే కొన్నప్పుడు మీరు కంపెనీతో ఏదైనా ఒప్పందం మీద సంతకం పెడితే అందులో ఏముందో ముందే చదవండి. కటింగ్స్ పెంచి ఇతరులకు రకం పేరుతో అమ్మే ఆలోచన ఉంటే, వ్యాపారం మొదలుపెట్టే ముందు లాయరును అడగండి. రాయల్టీ బాధ వద్దనుకుంటే బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్, లక్నోలోని వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌బీఆర్ఐ విడుదల చేసిన చామంతి రకాలు ఉన్నాయి. మీకు దగ్గర్లో రాజేంద్రనగర్ పూల పరిశోధన స్థానం ఉంది, అక్కడ శాస్త్రవేత్తలను నేరుగా కలిసి ఏ రకం మీ పాలీహౌస్‌కు సరిపోతుందో మాట్లాడవచ్చు.


శంకర్‌పల్లి రైతు

అక్కా, మీరు చెప్పిన నాలుగు నెలల మాట మా పొలం చామంతికీ పట్టించుకోవాల్సిందేనా? మా పసుపు చామంతి ఏళ్ల తరబడి అవే పిలకల మీద నడుస్తోంది. ఈమధ్య పూవు చిన్నదవుతోందని మా ఇంట్లో అందరూ అంటున్నారు. మేం ఎరువు లోపం అనుకున్నాం.


పలమనేరు పూలతోట

అన్నా, మీకు నాలుగు నెలల లెక్క అవసరం లేదు, మీ పంట సీజను పంట. కానీ పిలకలు ఏరే పద్ధతి మార్చండి. మీరు పూత అయ్యాక అన్ని మొక్కలనూ కలిపి పిలకలు తీస్తారు. అలా తీస్తే పిలకలు ఎక్కువ వేసే మొక్కలే ఏటా పెరుగుతాయి. పిలకలు ఎక్కువ వేసే మొక్క పెద్ద పూవు వేసే మొక్క కావాలని లేదు. పూత నిండుగా ఉన్నప్పుడే తోటలో తిరిగి, పూవు పెద్దగా, మొక్క నిటారుగా, ఆకు శుభ్రంగా ఉన్నవాటికి రంగు దారం కట్టండి. పొట్టిగా ఉండి తొందరగా పూసినవాటిని వేళ్లతో పీకి కాల్చేయండి. దారం కట్టిన మొక్కల పిలకలే వచ్చే ఏడు నాటండి. ఆ పిలకలైనా నేరుగా పొలంలో పెట్టకుండా, ఒకసారి కొన కటింగ్ తీసి ఇసుకలోనో కోకోపీట్‌లోనో వేళ్లు తెప్పించుకుంటే, పాత మట్టి పాత మట్టిలోనే ఉండిపోతుంది.


చేవెళ్ల పాలీహౌస్

అందరికీ రుణపడి ఉంటాను. పిలకల బెడ్డు పీకేయడానికి నాయన ఒప్పుకున్నాడు. తల్లి మొక్కలకు 36 మీటర్ల బెడ్డు ఒకటి కొలిచి పెట్టాం, మెష్ గుడ్డకు చెప్పి వచ్చాను. రెండు రంగులే మొదలుపెడతాం, తెలుపు, పసుపు. వేళ్లు వేయించే ట్రేలు పాలీహౌస్ బయట షేడ్‌నెట్ కింద పెట్టుకోవచ్చు కదా? లోపల స్థలం మిగులుతుంది.


పలమనేరు పూలతోట

బయట పెట్టుకోవచ్చు తమ్ముడూ, కానీ ట్రేల మీదకు కూడా బల్బుల వరస లాగండి. అదే పది నుంచి రెండు. తల్లి మొక్కలకు అన్ని రాత్రులు వెలుగు ఇచ్చి, వేళ్లు వేసే మూడు వారాలు చీకట్లో పెడితే మొగ్గ ట్రేలోనే మొదలవుతుంది, మళ్లీ మోకాలెత్తు పూలే. నాటిన రోజు రాత్రి కూడా పంట బెడ్డు మీద లైటు వెలగాలి. అందుకే నాటడానికి ముందు రోజే వైరింగ్ పూర్తిచేసి, ఒక రాత్రి వెలిగించి, లక్స్ చూసి పెట్టుకోండి.